ఎదురుదెబ్బ

ఫోను మోగినప్పుడు హిమబిందు స్టూలెక్కి గోడకు మేకు కొడుతోంది. చేతిలో సుత్తి, పెదాల మధ్య ఇంకో రెండు మేకులు. ఆ గోడకు గడియారం పెట్టాలా, పెళ్ళిఫోటో పెట్టాలా అని పొద్దుటి నుంచి సాగిన వాదంలో అప్పుడే ఆమె గెలిచింది. ఓడిపోయిన చెన్నకేశవ స్టూలు కాళ్ళు పట్టుకుని నేల మీద కూర్చున్నాడు. అతనే ఫోనెత్తి, స్పీకరు నొక్కి, పైకి చాచాడు.

అవతలి మనిషి సర్వే సంస్థ నుంచి మాట్లాడుతున్నానన్నాడు. ఉత్తర ధ్రువం దగ్గరి దీవిలో మొదలయ్యే రాతి పనిముట్ల సర్వేకు మన దేశం నుంచి ఒక్కరినే తీసుకుంటున్నారనీ, ఆ ఒక్కరూ ఆమేననీ చెప్పాడు. నోట్లో మేకులుండటంతో హిమబిందు “ఊఁ” అనగలిగింది, అంతే. ఆయనకు అనుమానం వచ్చి మళ్ళీ మొదటి నుంచీ చెప్పాడు. ఆమె మళ్ళీ “ఊఁ” అంది. ఇష్టం లేకపోతే ఇప్పుడే చెప్పెయ్యమ్మా, వరసలో ఇంకొకరున్నారు అని ఆయన విసుక్కునేసరికి చెన్నకేశవ ఫోను దగ్గరికి లాక్కుని, “ఇష్టమే సార్, నోట్లో మేకులుండాయి,” అన్నాడు.

ఆ తర్వాత ఇద్దరూ నవ్వి నవ్వి నేల మీద దొర్లారు. అప్పటికి పెళ్ళయి పదకొండు రోజులు. నంద్యాలలో రెండు గదుల అద్దె ఇల్లు. కొత్త చాట, కొత్త జల్లెడ, రెండుసార్లు మాత్రమే అన్నం వండిన కుక్కరు, అన్నీ వాళ్ళకు ఆటబొమ్మల్లాగే ఉండేవి. చెన్నకేశవ జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతాడు. మార్చి వస్తే రోడ్డు మీద తారు కరిగే జిల్లాలో పుట్టినదానికి హిమబిందు అని ఎందుకు పేరు పెట్టారో ఇన్నాళ్ళకు అర్థమైందని ఆ రోజంతా ఏడిపించాడు.

ఆమెనే ఎందుకు ఎంచుకున్నారో ఆమెకు తెలుసు. సర్వేలో వాడబోయే ఒక చేతితొడుగును పన్నెండు మందికి వేసి చూశారు. పదకొండు మంది చేతులు దానికి ఎదురు తిరిగాయి. హిమబిందు చేయి మాత్రం చెప్పిన మాట విన్నట్టు కదిలింది. ఆమెది బేతంచర్ల. అరిగిన రోళ్ళకూ తిరగళ్ళకూ ఉలితో గంట్లు పెట్టి కక్కు కొట్టిన కుటుంబం. పురావస్తు శాస్త్రంలో ఎమ్మే చేసినా, రాయి మీద దెబ్బ ఎలా పడాలో పుస్తకం కంటే ముందు ఆమె మణికట్టుకు తెలుసు.

ప్రయాణానికి పదహారు రోజులు మిగిలాయి. ఆ పదహారు రోజుల్లో వాళ్ళకో ఆట అలవాటైంది. సాయంత్రం మిద్దె మీద చాప పరిచి చెన్నకేశవ బోర్లా పడుకునేవాడు. ఆమె అతని వీపు మీద వేలితో ఒక్కో అక్షరం రాసేది. అతను చదవాలి. ‘మ’కూ ‘య’కూ తేడా తెలియక రోజూ ఓడిపోయేవాడు. ఓడిపోవడం కోసమే తప్పు చెబుతున్నాడని ఆమెకు ఆరో రోజున తెలిసింది. తెలిసినట్టు చెప్పలేదు.

ఆ దీవికి పేరు లేదు, మ్యాపులో ఒక అంకె ఉంది. చెట్టు లేదు, గడ్డి లేదు, రాళ్ళ మీద నాచు మచ్చలు తప్ప. సూర్యుడు అస్తమించకుండా ఆకాశం అంచున గానుగెద్దులా తిరుగుతూనే ఉంటాడు. నిద్ర పట్టాలంటే కళ్ళకు తువ్వాలు కట్టుకోవాలి. అక్కడ ముగ్గురే మనుషులు. తొడుగును తయారు చేసిన నార్వే శాస్త్రవేత్త హల్వార్, అరవై దాటినవాడు. వంట, జనరేటరు, రేడియో, ఎలుగుబంట్లు రాకుండా కాపలా అన్నీ ఒంటిచేత్తో చూసుకునే గ్రీన్‌లాండ్ అమ్మాయి నివి. ఆమె పేరు కొంచెం సాగదీస్తే తెలుగులో ‘నీవి’ అవుతుందనీ, ఈ చేతిజోళ్ళు ఎవరివి అంటే ‘నీవి’ అని జవాబు చెప్పొచ్చనీ హిమబిందు మొదటి రోజే వివరించింది. నివి మర్యాదకు నవ్వింది. ఆ చతురు చెన్నకేశవకు చెప్పాలంటే ఆదివారం దాకా ఆగాలి. ఉపగ్రహం ఫోను గురువారం పది నిమిషాలు, ఆదివారం పది నిమిషాలు. మిగతా రోజుల్లో ఆమె తెలుగు వినే చెవి ఆ దీవి మీద లేదు. తెచ్చుకున్న బొరుగులతో స్టవ్వు మీద ఉగ్గాని చేసుకుంటూ, పచ్చిమిరపకాయ లేనందుకు ఆ బొరుగులకే తెలుగులో క్షమాపణ చెప్పుకునేది.

తొడుగుకు హల్వార్ పెట్టిన పేరు పెద్దది. హిమబిందు దాన్ని చేతిజాడ అనేది. చెకుముకి గడ్డను దుప్పి కొమ్ముతో కొడితే పెచ్చు లేచి, లేచిన చోట గుంట మిగులుతుంది. ఆ గుంట చూసి దెబ్బ ఏ వైపు నుంచి పడిందో, ఎంత బలంగా పడిందో చెప్పడం పాత పరిశోధకులకూ తెలుసు. హల్వార్ పట్టుకున్నది కాలాన్ని. ఆ చలిలో రాయి కొత్తగా విచ్చుకున్న చోట, కొట్టేవాడి ఊపిరి తగిలి కంటికి ఆనని పొర పేరుతుంది. ఒక గుంట పొరకూ పక్క గుంట పొరకూ తేడా కొలిస్తే రెండు దెబ్బల మధ్య ఎంతసేపు గడిచిందో తెలుస్తుంది. యంత్రం ఆ గుంటలన్నీ వరసగా చదివి, నాడు ఆ చేయి ఎలా కదిలిందో నేడు తొడుక్కున్న చేతిని అలాగే కదిలిస్తుంది.

మొదటిసారి హిమబిందు తవ్వకం పక్కన కూర్చుని, ఎడమచేతిలో ఉత్త గడ్డ, తొడుగు వేసిన కుడిచేతిలో కొమ్ము పట్టుకుంది. చేయి దానంతట అది లేచింది. నాలుగున్నర వేల ఏళ్ళ కింద పోయిన మనిషి మోచేయి ఆమె మోచేతిలో మడత పడింది. టక్కుమని దెబ్బ పడి, వేలెడు పొడవున, కత్తి వాదరలా పల్చటి అలుగు లేచి ఒళ్ళో పడింది. ఆమె చిన్నపిల్లలా నవ్వింది. హల్వార్ నవ్వలేదు. తన కుడిచేయి కోటు జేబులోంచి తీసి, ఒక కాగితం మీద సంతకం పెట్టి, పక్కన పాస్‌పోర్టు తెరిచి చూపించాడు. రెండు సంతకాలకూ పోలిక లేదు.

చేయి నేర్చుకున్నది తొడుగు తీసినా ఉండిపోతుందని అతను చెప్పాడు. మొదట్లో ఆ సంగతి తెలియక, ఇంకెక్కడివో రాళ్ళ కోసం రెండు వందల గంటలు వేసుకున్నాడట. ఒకరోజు కూతురి తల నిమిరితే, ఇది నాన్న చేయి కాదని ఆ పిల్ల పక్కకు జరిగిందట. ఇది జరిగి తొమ్మిదేళ్ళు. అప్పటి నుంచి అతను తొడుగు ముట్టుకోలేదు. ఎవరికైనా నలభై గంటలే హద్దు. తీసేశాక పది రోజుల్లో అలవాటు పోకపోతే ఇక జన్మకు పోదు. ఈ లెక్క రోజూ చూసుకుంటూ ఉండమని హెచ్చరించాడు.

నాలుగు వారాల్లో అరవై ఒక్క అలుగులు దొరికాయి. అన్నీ ఒక్క చేతివే. వింత ఏమిటంటే వేటిని చూసినా అంచు నిన్న కొట్టినంత పదునుగా ఉంది. ఒక్కదానితోనూ తోలు గీయలేదు, మాంసం కోయలేదు. ఎవరి కోసమో కొట్టి, ఎవరికీ ఇవ్వకుండా పక్కన పడేసినట్టున్నాయి. ఇంకో వింత, ప్రతి దెబ్బకూ తర్వాతి దెబ్బకూ మధ్య ఒక ఆగుడు. చేయి పైకి లేచి, అక్కడే నిలబడి, అప్పుడు దిగుతుంది. చలికి వేళ్ళు కొంకర్లుపోయి ఉంటాయి, చంకలో పెట్టి కాచుకునేవాడేమో అన్నాడు హల్వార్. హిమబిందుకు నమ్మకం కుదరలేదు. వణికించే చలిలో కొట్టినవాటికీ, ఎండ కాస్త కాసిన రోజు కొట్టినవాటికీ ఆగుడు ఒకే నిడివి ఉంది.

ముప్పై నాలుగో గంట దాటిన ఆదివారం పొద్దున ఆమె భోజనాల గుడారం చెక్క తలుపు తట్టింది. నివి తలుపు తీసి, ఎవరి కోసం చూస్తున్నావని అడిగింది. హిమబిందుకు అర్థం కాలేదు. నువ్వు ఒకసారి తట్టి, ఆగి, మళ్ళీ తట్టి, ఆగుతున్నావు, మధ్యలో ఇంకెవరో తట్టాలన్నట్టు, అంది నివి.

హిమబిందు గుమ్మంలోనే నిలబడిపోయింది. ఆ ఆగుడు ఆమెకు తెలుసు. బేతంచర్లలో జేజి మద్దిలేటమ్మ, తాత చెరో వైపు కూర్చుని తిరగలికి కక్కు కొట్టేవాళ్ళు. ఒకరు కొట్టాక సందు వదలాలి. ఆ సందులో రెండో మనిషి దెబ్బ పడాలి. ఇద్దరి దెబ్బలూ కలిసి ఒక్క మనిషి గబగబా కొడుతున్నట్టు వినపడేది. సందులో పడే ఆ రెండో దెబ్బను లోకమంతా ఏమంటుందో గానీ వాళ్ళింట్లో మాత్రం ఎదురుదెబ్బ అనేవాళ్ళు. ఈ దీవి మీద కూర్చున్న మనిషి చలికి ఆగలేదు. ఎదురుదెబ్బకు చోటు వదిలి ఆగాడు. ఆ దెబ్బ పడలేదు.

ఆ సాయంత్రం ఫోనులో గాలిహోరు తప్ప ఏమీ సరిగా వినపడలేదు. హిమబిందు సంతోషం పట్టలేక, రాళ్ళలో ఎదురుదెబ్బ దొరికిందనీ, అది తన చేతికి కూడా తగులుకుందనీ అరిచి చెప్పింది. చెన్నకేశవకు చేరినవి మూడే ముక్కలు: ఎదురుదెబ్బ, చేతికి, తగిలింది. లైను తెగిపోయింది.

ఆ రోజే హల్వార్ ఆమె చేతి నుంచి తొడుగు తీసి పెట్టెలో పెట్టి తాళం వేశాడు. ఆరు గంటలు మిగిలే ఉన్నా, తలుపు తట్టిన సంగతి నివి చెప్పాక ఇంకో నిమిషం కూడా ఇవ్వనన్నాడు. అప్పటిదాకా హిమబిందుకు భయం తెలియలేదు. తన గుడారంలో ఒంటరిగా కూర్చుని, మోకాలి మీద వేలితో ‘కే’ అని రాయబోయింది. ఏత్వం పెట్టబోయే ముందు వేలు ఆగిపోయింది. మిగతా సగం ఎవరో రాయాలన్నట్టు గాల్లో నిలబడింది. ఆమె తోస్తే మళ్ళీ కదిలింది, మళ్ళీ ఆగింది. జడ అల్లుకోబోయినా అంతే. ఒక పాయ తిప్పి, ఆగి, ఇంకో పాయ. అన్నం ముద్ద నోటికి పోతూ దారిలో నిలబడేది. ఆ చేతిని చూస్తుంటే తన ఒంటికి ఎవరి వైధవ్యమో అంటుకున్నట్టుంది. పెళ్ళయి ఇరవై ఏడు రోజుల కాపురం చేసిన చేయి, మిద్దె మీద నేర్చుకున్న అక్షరాలు, పది రోజుల్లో తిరిగి రాకపోతే ఇక రావు. బయట ఎండ కాస్తూనే ఉంది. ఆ ఎండలో కిలోమీటర్ల పొడవున ఒక్క చప్పుడూ లేదు.

గురువారం ఫోను మోగగానే చెన్నకేశవ పలకరింపు కూడా లేకుండా అందుకున్నాడు.

“ఏమ్మే, చెయ్యి యాడ విరిగింది? ముంజేయా, మణికట్టా?”

“విరగడమేంది కేశవా?”

“దెబ్బ తగిలిందంటివి గదా. నాలుగు దినాల నుంచి నాకు అన్నం దిగలే.”

అతను బేతంచర్ల నుంచి మాట్లాడుతున్నాడు. విషయం జేజికి మెల్లగా, గుండె అదరకుండా చెబుదామని సెలవు పెట్టి మరీ వెళ్ళాడట. ఎదురుదెబ్బ తగిలిందంట జేజీ అని కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, ఆమె అరుగు మీద కూర్చుని వీధంతా వినేట్టు నవ్విందట. ఇంతలో ఫోను చేయి మారింది.

“ఏమే బిందూ, మొగుణ్ణి ఇట్ల బెదరగొడితే ఎట్లమ్మే? మొగం పీక్కపోయుండాది. ఎదురుదెబ్బంటే తెల్యని ఇంటికి పోతివి.”

హిమబిందు ఒక్క గుక్కలో అంతా చెప్పింది. రాళ్ళ సంగతి, తొడుగు సంగతి, మోకాలి మీద ఆగిపోయిన వేలు.

“మీ తాత పోయినాక మూడేండ్లు నా చెయ్యి అట్లనే సందు ఇడిసేది,” అంది జేజి. “అన్నం కలపబోయినా ఆగేది. ఎవురికీ చెప్పలే. చెప్తే నగుతారని.”

“ఎట్ల పోయింది జేజీ?”

“నువ్వే గదే పోగొట్టింది. పదో తరగతి సెలవుల్లో ఉలి తీస్కోని ఎదురుగ్గ కూచ్చుంటివి. వద్దంటే ఇనకపోతివి. నెల తిరిగేతలికి నా చెయ్యి నాకొచ్చె.”

ఆ సెలవులు హిమబిందుకు గుర్తున్నాయి. తాను పని నేర్చుకుంటున్నాననే అనుకుంది. ఫోను ఆగిపోయే ముందు జేజి ఇంకో మాట చెప్పింది. జత లేనిదే అట్లాంటి సందు పుట్టదు, ఆ మనిషి కూర్చున్నదానికి రెండు మూరల దూరంలో ఇంకొకరు కూర్చున్న తావు ఉండి తీరుతుంది, వెతకమంది.

హల్వార్ తవ్వకానికి గీసిన గీత సరిగ్గా మూరన్నర దగ్గర ఆగింది. శుక్ర, శనివారాలు ముగ్గురూ కలిసి ఆ గీతను దాటారు. శనివారం మధ్యాహ్నం నివి కుంచె కింద ఇంకో బల్లపరుపు రాయి బయటపడింది, మొదటిదానికి ఎదురుగా. కింది పొరలో రెండు రాళ్ళ చుట్టూ పెచ్చులున్నాయి. అక్కడి అలుగులు అరిగిపోయి, తోలు గీసి గీసి నున్నబడి ఉన్నాయి. పైపొరలో పెచ్చులన్నీ మొదటి రాయి చుట్టూనే. రెండో రాయి మీద గాలి తెచ్చిన ఇసుక మాత్రం ఉంది. పైపొర లెక్క తీస్తే పధ్నాలుగు చలికాలాలు తేలింది. పధ్నాలుగేళ్ళు ఆ మనిషి ఖాళీ రాయికి ఎదురుగా కూర్చుని, దెబ్బ వేసి, చేయి ఎత్తి ఆగాడు.

అక్కడ ఎదురుదెబ్బ వేయడం తెలిసింది హిమబిందుకు ఒక్కదానికే. ఆ సందును తానే నింపితే తన చేయి ఎదురుచూడటం మానేస్తుందేమోనని ఆదివారం ఆమె రెండో రాయి ముందు చాప వేసుకుని కూర్చుంది. హల్వార్ యంత్రం చదివిన ఆ పాత దెబ్బలను చప్పుడుగా మార్చి స్పీకరులో వినిపించాడు. ఆమె కొమ్ము పట్టుకుని సందు కోసం కాచుకుంది. టక్. సందు వచ్చింది. చేయి లేచి గాల్లో ఆగింది. టక్. మళ్ళీ సందు. చేయి ఆగే ఉంది. రెండు వైపులా ఎదురుచూసేవాళ్ళే తప్ప కొట్టేవాళ్ళు లేరు. గంటసేపు చూసి ఆమె కొమ్ము కింద పెట్టేసింది.

సాయంత్రం చెన్నకేశవ అంతా విని, బేతంచర్లకు ఇంకో ఫోను కలిపి అడిగి, మిగిలిన రెండు నిమిషాల్లో జవాబు చెప్పాడు.

“‘దాని కండ్లు యాడ పెట్నెది?’ అనింది మీ జేజి. ఎదురుదెబ్బ ఏసేటోల్లు చెవుల్తో ఇనరంట హిమా. ఎదుటి మనిషి భుజం జూసి ఏస్తారంట. భుజం దిగినాంక నీది లెయ్యాలంట.”

“ఈడ ఎదుటి మనిషి లేడు కేశవా.”

“ఉండాల మరి,” అని అతను కాస్త ఆగాడు. “నీ చెయ్యి ఎవురి చెయ్యి మాదిరి తిరిగొచ్చినా నాకేం గాదు. నీకే అయితాది. అందుకే చెప్తాండా.”

స్పీకరుకు భుజం ఉండదు. ఎవరో ఒకరు ఆ తొడుగు వేసుకుని మొదటి రాయి దగ్గర కూర్చోవాలి. సోమవారం టీ తాగేటప్పుడు హిమబిందు ఆ సంగతి చెప్పగానే నివి తన చేయి చాచింది. హిమబిందు ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని వెనక్కి నెట్టింది. వాళ్ళమ్మ నేర్పిన కుట్టుతో నివి సీలు చర్మానికి వేసే సూది పని ఆమె ఎన్నోసార్లు ముచ్చటపడి చూసింది. ఒక ముడి వేసి ఆగిపోయే నివిని చూడాలనుకోలేదు. పోతే తన చేయి ఒక్కటే పోనీ, గడువు ఇంకో రెండు రోజులే కదా అంది.

హల్వార్ కప్పు పట్టుకుని బయటికి వెళ్ళి, రెండు రాళ్ళ దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. తిరిగి వచ్చాక పెట్టె తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు.

తొమ్మిదేళ్ళుగా తన మణికట్టు చివర ఉన్న చేయి ఎవరిదో తెలియకపోయినా, దానితో ఒక పొత్తు కుదిరిందన్నాడు. పొద్దున చొక్కా గుండీలు అది తనకంటే వేగంగా పెడుతుందట. ఒకసారి మారిన చేతికి నలభై గంటలు అక్కర్లేదు, ఒక్క పూటలో ఈ కొత్తది ఎక్కితే అది పోతుంది. పోతే కూతురికి చూపించడానికి మూడో చేయి ఉంటుందని నవ్వబోయి మానేశాడు. హిమబిందు వద్దంది. తన కోసం ఆయన ఆ ఎదురుచూపును జన్మంతా మోయడం తనకు సమ్మతం కాదంది.

“మోయాల్సి వస్తుందో లేదో నీ దెబ్బను బట్టి ఉంటుంది,” అన్నాడు హల్వార్. “అతనికి ఎవరూ జవాబివ్వలేదు. నాకు నువ్విస్తావు.”

నివి అలారం పెట్టడానికి గడియారం అందుకుంది.

“రేపు పొద్దున తొమ్మిదికి తొడుగు నేను వేసుకుంటాను,” అన్నాడు హల్వార్. “మధ్యాహ్నం దాకా కొడతాను, అంతకు మించి నివి ఉండనివ్వదు. నువ్వు రెండో రాయి మీద కూర్చో. నా ముఖం చూడకు, చేయి చూడకు. భుజం చూడు.”